పుష్పావతి చెప్పిన అంకెలు

రోజూ సాయంత్రం ఏడింటికి అమ్మకు ఫోన్ చేసే ధరణి, ఆ రోజు పొద్దున ఏడింటికే సొంతూరు ధర్మవరం స్టేషన్‌లో దిగింది. బెంగళూరులో బండెక్కి హిందూపురం దాకా నిద్రపోయింది. పెనుకొండ దగ్గర మెలకువ వచ్చాక, తనను చూసి అమ్మ ఎంత అదిరిపోతుందో ఊహించుకుని ఒక్కతే నవ్వుకుంది. అమ్మ కోలుకుంటోందన్న సంతోషం మరి.

ఎండాకాలంలో అమ్మ పుష్పావతికి కుడివైపు పక్కటెముకల మీద సర్పి లేచింది. నాటువైద్యంగా కుమ్మరాయన ఆ చోట జాజుతో సింహం బొమ్మ గీశాడు, హిందూపురం డాక్టరు మాత్రలిచ్చాడు. పొక్కులు ఎండి రాలిపోయాయి గానీ నొప్పి మాత్రం కదలనంది. పుండు మానినా, దెబ్బతిన్న నరం లేని మంటను ఉన్నట్టే మెదడుకు చెబుతూ ఉంటుందని ధరణి ఇంట్లోవాళ్లకు విడమరిచి చెప్పింది. చెప్పదా మరి! నరాలు నొప్పిని ఎలా మోస్తాయి, మెదడు దాన్ని ఎలా తగ్గిస్తుంది అన్నదే ఐదేళ్లుగా ఆమె పరిశోధన.

అందుకే రోజూ ఫోన్లో అదే ప్రశ్న. "సున్నా అంటే నొప్పే లేదు, పదంటే ఓర్చుకోలేవు. ఈ రోజు ఎంతమ్మా?"

మొదట్లో ఎనిమిది అనేది పుష్పావతి. తర్వాత పదిహేను రోజులకొకటి చొప్పున తగ్గుతూ రెండుకొచ్చి నిలిచింది. ఆ సంగతి ధరణే డాక్టరుకు చెప్పింది. ఆయన మాత్రలు తగ్గిస్తూ వచ్చి, పోయిన నెల పూర్తిగా ఆపేశాడు.

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి అన్న శరత్ మగ్గం మీద ఉన్నాడు, వదిన ప్రేమలత వంటింట్లో ఉంది. ధరణి చప్పుడు కాకుండా వెనక గదిలోకి పోయింది. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుని, ఎడమ చేత్తో రాట్నం తిప్పుతూ మగ్గానికి పట్టుదారం కండెలు చుడుతోంది. రవిక లేదు. కుడి పక్కటెముకల మీద తడిపిన పాత పంచె. పళ్ల మధ్య కొంగు.

"అమ్మా!"

పుష్పావతి తిరిగి చూసింది. కొంగు వదిలేసి వెంటనే నవ్వేసింది. అంత తొందరగా వచ్చిన నవ్వు చూసి ధరణికి భయమేసింది.

"చెప్పకుండా వస్తివే పాపా! కాఫీ తాగుదువు దా."

"ఆ తడిగుడ్డ ఏంది?"

"ఉక్క పోస్తాండాది, అంతే."

"కార్తీకంలో ఉక్కేందమ్మా?" అంటూ ధరణి దగ్గరికి పోయి వంగింది. ఆమె చున్నీ అంచు ఆ గుడ్డ పక్కన ఒంటికి అలా తగిలిందో లేదో, పుష్పావతి కెవ్వున అరిచింది. మగ్గం ఆగిపోయింది. శరత్, ప్రేమలత పరుగెత్తుకొచ్చారు.

"ఎన్నాళ్లుగా ఇట్లుండాది వదినా?"

"తగ్గింది ఎప్పుడని? రవిక తొడిగి ఆర్నెల్లాయ. పట్టుపోగు గాలికి తగిలినా కాలినట్లు ఎగిరిపడతాది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నా మీద ఒట్టేనని అత్త చెయ్యి పట్టుకునింది. నీ ఫోన్ వచ్చే యాళకు మొగం కడుక్కోని, గొంతు సరిజేసుకోని కూర్చుంటాది."

శరత్ ఇక ఉండబట్టలేకపోయాడు. "నీ ల్యాబులో ఎలకకు నొప్పైతే తెలుస్తాది. అమ్మకు నొప్పైతే నీకు తెల్లేదు."

"నేను రోజూ అడగలేదా అన్నా?"

"అడిగితివి. నంబరు అడిగితివి."

ధరణికి ఆ మాట చురుక్కుమంది. ఆ కోపమంతా అమ్మ మీదికి మళ్లింది. "ఎందుకమ్మా అబద్ధం చెప్తివి? నా మాట నమ్మే డాక్టరు మాత్రలు ఆపె. నరాన్ని అట్లా వదిలేస్తే నొప్పి దానికి అలవాటైపోతాది. తెలుసా నీకు?"

పుష్పావతి రాట్నాన్ని పక్కకు నెట్టింది.

"ఎనిమిదని నిజమే చెప్తి గదా మొదట. ఆ పొద్దు నువ్వు ఎక్కెక్కి ఏడిస్తివి. 'మా అమ్మ నొప్పే తీయలేనిదానికి నాకీ చదువు ఎందుకు, మానుకోని వచ్చేస్తా' అంటివి. మీ నాయన పోయినప్పుడు గూడా వదలకుండా చదివిన పిల్లవి. నా ఒంటి నొప్పికి నీ చదువు ఆగిపోతే ఎట్లా? ఒక్కసారే తగ్గిస్తే కనిపెడతావని కొంచెం కొంచెం తగ్గిస్తి. సున్నా అనేదానికి మాత్రం నోరు రాలా పాపా."

నొప్పి ఎప్పుడూ అంత ఒద్దికగా మెట్టు తర్వాత మెట్టు దిగదు. ఒకరోజు తగ్గుతుంది, మర్నాడు పైకి లేస్తుంది. ఎందరో రోగుల వివరాలు చూసిన ధరణికి అది తెలియనిదేం కాదు. తెలిసీ నమ్మింది. నమ్మాలని ఉండింది కాబట్టి నమ్మింది.

డాక్టరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. వెంటనే తీసుకురమ్మన్నాడాయన. మాత్రలు మళ్లీ మొదలుపెడదామన్నాడు. కానీ ఇన్ని నెలలు పోయాక ఎంతవరకు తగ్గుతుందో చెప్పలేనన్నాడు. శరత్ కారు మాట్లాడడానికి బయటికి పరిగెత్తాడు.

ధరణి అమ్మకు ఎడమవైపు కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"బిగబట్టుకోవద్దమ్మా. ఏడుపొస్తే ఏడువు."

"నువ్వు తట్టుకోలేవు పాపా. నువ్వూ ఏడుస్తావు."

"ఏడవను. నువ్వు కానియ్యి."

పుష్పావతి కూతురి మొహంలోకి అనుమానంగా చూసింది. మెల్లగా మూలిగింది. ఇంకోసారి, కాస్త గట్టిగా. ఆ తర్వాత ఇన్ని నెలలుగా గొంతులో తొక్కిపెట్టినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "అమ్మా, ఓర్చుకోలేకపోతాండానే" అంటూ వీధికి వినబడేలా ఏడ్చింది. గడపలో నిలబడ్డ ప్రేమలత కొంగు నోట్లో కుక్కుకుంది.

ధరణి మాత్రం కళ్లల్లో నీళ్లు నిండినా రెప్ప వాల్చకుండా కూర్చుంది. ఒక్క చుక్క జారినా చాలు, అమ్మ ఏడుపు మానేసి మళ్లీ నవ్వేస్తుంది.