వారానికోసారి

కుక్కలకు స్నానం చేయించి, గోళ్లు తీసి, బొచ్చు దువ్వి పంపే షాపు అతనిది. వీధిలో అందరూ 'కుక్కల బార్బర్' అంటారు. మొదట్లో ఉడుక్కునేవాడు, తర్వాత అలవాటైపోయింది.

ఆ అమ్మాయి మొదటిసారి వచ్చిన రోజు వాన. అతను గంటసేపు డ్రయ్యర్ పట్టి ఒక తెల్ల బొచ్చుకుక్కను దూదిపింజలా తయారుచేశాడు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని గోధుమరంగు పొట్టిబొచ్చు కుక్క ఒకటి లోపలికొచ్చి, ఒళ్లంతా ఒక్క విదిలింపు విదిలించింది. తెల్లకుక్క కాస్తా చుక్కల కుక్క అయింది.

"మీ కుక్కని పట్టుకోలేరా?" అని అరిచాడు.

"పట్టుకునే ఉన్నాను. అదే నన్ను లాక్కొచ్చింది," అంది తాడు రెండో కొసన ఉన్న అమ్మాయి, తడిసిన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. "అయినా స్నానాల షాపులో తడి గురించి గొడవేంటండీ?"

అతనికి కోపం రావాలి. నవ్వొచ్చింది. అక్కడే కొంప మునిగింది.

కుక్క పేరు బఠాణీ. అమ్మాయికి పక్క వీధి కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్షచేసే ఉద్యోగం. ఉండేది అక్కాబావల ఇంట్లో. అక్కకు ఏడో నెల.

"పాప పుట్టేలోగా దీని వాసన పోవాలంట. లేదంటే ఇదే పోవాలంట. మా బావ ఆర్డర్," అంది. "ఎన్నాళ్లకోసారి స్నానం చేయించాలండీ?"

అలాంటి కుక్కకు రెండు నెలలకోసారి చాలు. మధ్యలో తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఆ మాట అతను నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. కౌంటర్ వెనక గోడకు తన చేత్తో రాసి తగిలించిన బోర్డు కూడా ఉంది. అమ్మాయి కళ్లద్దాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"వారానికోసారి," అన్నాడు.

నోరు జారాడనుకుందామంటే వీల్లేదు. మర్నాడు పొద్దున్నే పెద్ద క్యాలెండర్ తెచ్చి ఆ బోర్డు మీద వేలాడదీశాడు మహానుభావుడు.

ఇక ప్రతి శనివారం సాయంత్రం బఠాణీ నురగలోనూ, వాళ్లిద్దరూ కబుర్లలోనూ మునిగేవాళ్లు.

"రోజంతా ఏం చేస్తారు మీరు అక్కడ?" అని అడిగాడొకసారి.

"బోర్డు చదివిస్తా. పై లైన్ నుంచి చదవండి, ఇప్పుడు కిందిది, ఇంకా కిందిది... కనిపించకపోయినా కనిపిస్తోందనే అంటారు. మగవాళ్లు మరీనూ!"

"నేనైతే నిజమే చెప్తా."

"చూద్దాం. ఒకరోజు మిమ్మల్నీ కూర్చోబెడతా కుర్చీలో."

ఐదో వారానికి బఠాణీ పొట్ట కింద ఎర్రగా కందింది. వీపు మీద పొట్టు లేచింది.

"ఒకటే గోక్కుంటోందండీ. స్నానాలు ఎక్కువవుతున్నాయేమో?"

"అబ్బే, షాంపూ పడలేదేమో. మారుద్దాం," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

నిజం చెప్పేయడానికి అంతకంటే మంచి సమయం ఉండదని అతనికి తెలుసు. చెబితే వచ్చే శనివారం ఉండదనీ తెలుసు. షాంపూ మార్చాడు. ఇంకో రెండు శనివారాలు గడిచాయి.

తర్వాత రెండు వారాలు ఆమె రాలేదు. మూడో వారం వచ్చింది. చేతిలో తాడు ఉంది. కుక్క లేదు.

"పంపేశాం," అంది బల్ల మీద కూలబడి. "ఒళ్లంతా పుండ్లు పడ్డాయి. ముందుకంటే ఎక్కువ వాసన. పాప పుట్టింది, ఇక బావ ఒప్పుకోలేదు. తోట ఉన్న ఒకాయనకి ఇచ్చేశాడు. బండి ఎక్కించేటప్పుడు అది ఇక్కడికే అనుకున్నట్టుంది. తోక ఊపుతూ ఎక్కింది."

అతను ఆ ఖాళీ తాడు వైపే చూశాడు.

"మీ మీద కూడా ఎగిరాడు బావ. మీ తప్పేం లేదని, ప్రతివారం సొంత కుక్కలా చూసుకున్నారని పోట్లాడాను." కాసేపు తాడుకొసతో ఆడుకుంది. "అది లేకపోయినా శనివారం అయ్యేసరికి కాళ్లు ఇటే వస్తున్నాయండీ. కుక్క లేకుండా రావచ్చా?"

ఇన్ని వారాలూ అతను ఎదురుచూసింది ఈ మాటకే.

"రండి," అన్నాడు. సంతోషం మాత్రం రాలేదు.

"వచ్చే శనివారం సెలవు పెడతా. తారీఖు ఎంతో..." అంటూ ఆమె లేచి వెళ్లి క్యాలెండర్ పేజీ ఎత్తింది. మేకు వదులుగా ఉంది. క్యాలెండర్ మొత్తం ఊడి కింద పడింది.

ఆమె వంగి తీయబోయి, ఆగి, గోడ వైపు చూసింది. బోర్డు పూర్తిగా చదివింది.

"ఇది ఎప్పుడు రాశారు?"

'నిన్ననే' అనొచ్చు. అంటే ఆమె నమ్మేది. బావతో పోట్లాడి మరీ నమ్మిన మనిషి. అందుకే అతను ఆ మాట అనలేకపోయాడు.

"షాపు తెరిచిన రోజు."

"క్యాలెండర్?"

"మీరు మొదటిసారి వచ్చిన మర్నాడు."

"బేరం కోసమా?"

"కాదండీ. మిమ్మల్ని చూడాలని. మీరంటే నాకు ప్రేమ."

అద్దం ముందు ఎన్నిసార్లు చెప్పుకున్నాడో ఆ మాట! ఇలా చెప్పాల్సి వస్తుందని ఒక్కసారీ అనుకోలేదు.

ఆమె అరవలేదు, ఏడవలేదు. తాడును మెల్లగా చేతికి చుట్టుకుంది. తర్వాత కళ్లద్దాల షాపులో కస్టమర్లతో మాట్లాడే గొంతుతో అంది.

"పై లైన్ నుంచి చదవండి."

"వద్దండీ."

"చదవండి."

"పొడుగు బొచ్చు, నెలకోసారి."

"కిందిది."

"పొట్టి బొచ్చు... రెండు నెలలకోసారి."

"ఇంకా కిందిది. చిన్న అక్షరాలు."

"స్నానాలు ఎక్కువైతే దురద, పుండ్లు... వాసన."

"బాగానే కనిపిస్తోంది మీకు," అంది ఆమె. "అద్దాలు అక్కర్లేదు."

చుట్టిన తాడు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.