కూతురి మందు

కృపానిధి టీ తాగడం పూర్తయ్యేలోగా ఎలీసమ్మ మూడోసారి పెరట్లోకి వెళ్ళింది. గోడ పట్టుకుని తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది. పెద్దపేగు కాన్సరుకు నాలుగో విడత కీమో ఎక్కించి ఆరు రోజులైంది. విరేచనాలు తగ్గకపోతే ఐదోది ఎక్కించడం కుదరదని విశాఖలో డాక్టరమ్మ ముందే చెప్పింది.

నిన్న సాయంత్రం విశాఖ నుంచి వచ్చిన కూతురు రూబీ మందుల డబ్బా తెరిచింది. విరేచనాలకు రాసిన మాత్రలు అట్టలోనే ఉన్నాయి.

"ఇవి ఏసుకోలేదేటమ్మా?"

"ఏసుకుంటన్నాను."

"ఏటేసుకుంటన్నావు? పదికి పదీ ఉన్నాయి."

ఎలీసమ్మ కిటికీ వైపు చూసింది. కృపానిధి మెల్లగా లేవబోయాడు.

"నాన్నా, కూకో. నువ్వు సెప్పు."

"నాకేటి తెలుసు? మీ అమ్మ రెండు పూటలా మారేడు పండు తింటన్నాది. పక్కింటి సుభద్రమ్మ తెస్తన్నాది. శివుడి పండు మనకెందుకే అంటే, మందుకి మతమేటని నన్ను కసిరింది."

రూబీ వంటగదిలోకి వెళ్ళి చూసింది. గిన్నెలో పసుపుపచ్చని గుజ్జు, పక్కన పగలగొట్టిన పెంకు.

"ఇది తినమని ఎవలు సెప్పినారే నీకు?"

"నువ్వే."

"నానా సెప్పినాను?"

"నువ్వే. సర్చిలో, అందరి ముందూ."

రూబీ ఫార్మసీ కాలేజీలో పరిశోధన చేస్తోంది. వాళ్ళ బాప్టిస్టు సంఘంలో ఆదివారంనాడు సాక్ష్యం చెప్పే వేళ ఒకటుంది. జ్వరం తగ్గినవాళ్ళు, పరీక్ష పాసైనవాళ్ళు లేచి దేవుడికి కృతజ్ఞత చెబుతారు. రెండు నెలల కిందట రూబీ కూడా లేచింది. కీమో మందు వల్ల పేగుల్లో పడే పుండ్లు మారేడు కాయలోంచి తీసిన పదార్థంతో మానుతున్నాయని చెప్పింది. ఎలకల్లో అన్న మాట కూడా చెప్పింది, కానీ ఒక్కసారే. సాక్ష్యంలో 'ఇంకా తేలలేదు' అనే మాట ఇమడదు. అందరూ ఆమెన్ అన్నారు.

"అది ఎలకలకమ్మా! అదీ పచ్చికాయలోది. పండు తింటే ఇంకా జారుగా అవుతాది."

"మరైతే అందరి ముందూ ఎందుకు సెప్పినావు?"

"డాక్టరుకు సెప్పకుండా మాత్రలెందుకు మానేసినావు? ఒంట్లో నీళ్ళన్నీ పోతే పేనం మీదికి వస్తాది. ఐదోది ఆపేస్తే ఏటవుతాదో తెలుసా?"

"అరవకు." ఎలీసమ్మ గొంతు పెంచలేదు. "నీ కూతురి మందు వాడతన్నావా అని సంఘంలో ఆడోళ్ళు అడుగుతన్నారు. రెండూ ఏసుకుంటే ఏది పనిసేసిందో ఎలా తెలుస్తాది? కన్నతల్లే నమ్మకపోతే నీ మందు ఇంకెవలు నమ్ముతారు?"

ల్యాబులో రూబీ చేసేదీ అదే. ఒక గుంపు ఎలకలకు ఒకే మందు.

ఫోను తీసి డాక్టరమ్మకు చేసింది. "మా అమ్మ మాత్రలు మానేసి మారేడు పండు తిన్నారండి. నా మాట మీద తిన్నారు. తప్పు నాది." అవతలి నుంచి వచ్చిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పింది. వెంటనే శ్రీకాకుళంలోనే ఆసుపత్రిలో చేర్చి సెలైను పెట్టించమంది డాక్టరమ్మ. ఐదో విడత సంగతి రక్తపరీక్ష చూశాక చెబుతానంది.

కృపానిధి ఆటో తెచ్చి ముందు కూర్చున్నాడు. అరసవల్లి రోడ్డు మీద కుదుపులకు ఎలీసమ్మ కూతురి భుజం మీదికి ఒరిగింది.

"నీ మందు ఓడిపోయిందేటే?"

"నా మందు ఇంకా పుట్టనే లేదమ్మా. మనుషుల కాడికి రావాలంటే పదేళ్ళయినా పడతాది."

"పదేళ్ళా?" ఎలీసమ్మ కళ్ళు మూసుకుంది. "సరే, ఉంటాను. నువ్వు తొందరపడి ఏదీ తప్పుగా సెయ్యకు."

రూబీకి అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.