నల్లకోట గుమ్మం దగ్గర నందు

మా మరిది నందు మీద నా ఫిర్యాదు ఒక్కటే. ఇంట్లో ఉన్న ఒక్క టీవీకి అఫ్జల్‌గంజ్‌లో కొన్న వీడియో గేమ్ డబ్బా తగిలించాడు. ఆ రోజు నుంచి నా సీరియల్‌లో ఎవరు బతికారో, ఎవరు పోయారో నాకు తెలీదు. పొద్దున్నే బర్రెల పాలు పితికి ఛత్రినాకంతా పోసొచ్చే మనిషి, మధ్యాహ్నం కాగానే కత్తి పట్టుకున్న బొమ్మ పిల్లాడైపోయేవాడు.

అందులో గెంతడాలు, కాల్చడాలు తక్కువ. ఊరూరా తిరగాలి, కనిపించిన వాళ్ళందరితో మాట్లాడాలి, దారిలో పురుగుల్నీ భూతాల్నీ కొట్టి బలం పెంచుకోవాలి. చివరికి నల్లకోటలో ఉన్న రాక్షసుణ్ణి చంపాలి. మాటలన్నీ తెర కింద ఇంగ్లీషులో వస్తాయి. మావాడిదేమో తెలుగు మీడియం.

ఓ రోజు పై వాటాలో అద్దెకున్న లాస్య విసురుగా దిగొచ్చింది. గుంటూరు పిల్ల. వాళ్ళ నాన్న శ్రీహరిరావు గారికి సచివాలయంలో ఉద్యోగం.

"ఏవండీ, పొద్దుట్నుంచీ అదే మ్యూజిక్కా? రేపు నాకు పరీక్ష!"

"నేనేం జెయ్యాలె? గీ ముసలోడు ఏం జెప్తుండో సమజైతలేదు."

లాస్య తెర వైపు చూసింది. "తాళంచెవి బావిలో పడిందని మొత్తుకుంటున్నాడాయన. మీరేమో చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నారు!"

"బాయిలనా?"

తాళంచెవి దొరికింది. లాస్య పరీక్ష పోయింది.

అప్పట్నుంచి చదవడం ఆమె వంతు, మీటలు నొక్కడం వాడి వంతు. నేనూ బి.ఏ. చదివినదాన్నే. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. చాయ్ ఇచ్చే వంకతో తలుపు దగ్గర నిలబడితే సీరియల్ కంటే ఇదే బాగుండేది.

ఆ ఆటలో మంత్రంతో గాయాలు మాన్పే అమ్మాయి ఒకతి ఉంది. ఆమెకి పేరు మనమే పెట్టుకోవచ్చు. నందు 'లాస్య' అని పెట్టాడు.

"నా పేరెందుకు?"

"ఇంగ్లీషుల నాకు రాసొచ్చిన పేరు గదొక్కటే," అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఎండాకాలానికి నల్లకోట గుమ్మం దాకా వచ్చారు. నందు అక్కడే ఆగిపోయాడు. లోపలికి పోడు. బయట అడవిలో అవే పురుగుల్ని కొడుతూ తిరుగుతాడు.

"ఇంకెంత పెంచుతావు బలం?"

"ఇంగ జర పెంచాలె. ఇప్పుడు పోతే సస్తం."

నాకు అర్థమైంది. రాక్షసుడు చస్తే ఆట అయిపోతుంది. ఆట అయిపోతే ఆమె మెట్లు దిగి రావడానికి వంక ఉండదు.

ఒకరోజు లాస్య తెర వదిలేసి వాడినే చూసింది. "కూకట్‌పల్లిలో ఇల్లు కొన్నాం. ఆదివారం వెళ్ళిపోతున్నాం. ఈలోపు లోపలికి వెళ్దామా?"

నందు ఇంకో పురుగును కొట్టాడు. "బలం జాలదు లాస్యా."

"రాక్షసుడి ముందా, మా నాన్న ముందా?"

వాడు బొమ్మ పిల్లాణ్ణి మళ్ళీ అడవి వైపు తిప్పాడు. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆదివారం వాళ్ళ బీరువా లారీ ఎక్కించింది వాడే.

టీవీ నాదైపోయింది. సీరియల్ పెట్టుకుని కూర్చుంటే ఒక్క ముక్క ఎక్కలేదు. వానలు మొదలయ్యాయి. నందు మెట్ల మీద కూర్చుని తడిసేవాడు. పైన చెప్పుల చప్పుడైతే గబుక్కున తల ఎత్తేవాడు. కొత్తగా అద్దెకొచ్చిన తాతగారు దిగేవారు.

"కూకట్‌పల్లికి బస్సులు లేవారా?" అంది మా అత్త పుష్పమ్మ.

"ఉన్నయమ్మా. పాలు పోసెటోనికి పిల్లనిస్తరా?"

"అడిగినవా?"

"లే."

బోనాలకి రమ్మని నేనే లాస్యకి ఫోన్ చేశాను. వానలో తడిసి వచ్చింది. కొంచెం చిక్కింది. ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడి, ఒకరికొకరు దారిస్తూ అక్కడే నిలబడిపోయారు.

"ఆ డబ్బా రేపు అమ్మేస్తున్నాం. ఆఖరిసారి ఆడేసుకోండి," అన్నాను. పచ్చి అబద్ధం.

నందు కోటలోకి నడిచాడు. రాక్షసుడు తెర నిండా లేచాడు. నందు కత్తి ఎత్తాడు. రెండు మూడు దెబ్బలు, అంతే. రాక్షసుడు పొగైపోయాడు.

"ఇంతేనా?" అంది లాస్య.

తెర మీద ఆట తయారుచేసిన వాళ్ళ పేర్లు వరసగా పైకి పోతున్నాయి. అన్నీ జపాను పేర్లే.

"ఏం రాసిండ్రు?" అన్నాడు నందు.

లాస్య వాటినే చూస్తూ, తడబడకుండా చదివింది. "'గుమ్మం దాకా వచ్చి ఇన్నాళ్ళు ఎందుకు ఆగిపోయావు?' అని ఆ మంత్రాల అమ్మాయి అడుగుతోంది."

నేను నోరు మూసుకున్నాను. వీధిలో డప్పులు మోగుతున్నాయి.

నందు రిమోట్ కింద పెట్టాడు. ఆమె వైపు తిరిగాడు.

"బలం జాలదన్నది ఒట్టి మాట. ఆట ఒడిస్తే నువ్వు రావని భయపడ్డ. మీ నాయనను అడగకుండనే, ఆయన వద్దంటడని నాకు నేనే అనుకున్న. తప్పు నాదే, లాస్యా."