కోదండరామయ్య గారి కుర్చీ

ఆకివీడు దాటి కొల్లేరు వైపు దిగితే అన్నీ చెరువులే. అందులో ఒక రొయ్యల చెరువు గట్టు మీద రేకుల షెడ్డు ఉందండీ. పగలైతే ఎవరైనా కూర్చుంటారు. చీకటి పడితే మాత్రం... కాపలాకి మనిషి దొరకడు. రెట్టింపు జీతం ఇస్తామన్నా, "మీకో దండం బాబూ" అని వెళ్ళిపోతారు.

నేను లారీ వాణ్ణి. ఐసు వచ్చేదాకా లోడింగు అవదు, ఈలోగా నిద్రా రాదు. అడిగారు గనక చెబుతున్నాను. ఇది నాకు చెప్పింది ఆ చెరువు రైతు అబ్రహాం గారే. ఆయన అబద్ధమాడే మనిషి కాదండీ. ఆడే ఓపిక కూడా లేదు పాపం.

షెడ్డుకి ఆ చెడ్డపేరు కోదండరామయ్య గారి వల్ల వచ్చింది. అబ్రహాం గారికి ముందు చేసిన రైతు దగ్గర కాపలా ఉండేవారాయన. రొయ్యల చెరువు సంగతి తెలుసు కదా — రాత్రంతా నీళ్ళలో ఫ్యాన్లు తిరుగుతూ ఉండాలి. అవి ఆగితే గాలి చాలక రొయ్యలు పైకి తేలతాయి, తెల్లారేసరికి చచ్చి ఊరుకుంటాయి. ఓ రాత్రి ఫ్యాన్లు ఆగాయి. సరిగ్గా అప్పుడే ఆయన చిన్న కునుకులో ఉన్నారు. అంతే! చెరువు చెరువంతా పోయింది.

ఎవరూ ఒక్క మాట అనలేదట. ఆయనే ఇంక కన్ను మూయలేదు. రాత్రంతా గట్టు చుట్టూ తిరగడమే. "వెళ్ళి పడుకోండి రామయ్య గారూ" అంటే, "ఇంకొక్క చుట్టండీ" అనేవారట. ఒక తెల్లవారుజామున, ఫ్యాన్లు నడిపే స్టార్టర్ పెట్టె కింద, కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. కళ్ళు తెరిచే ఉన్నాయట.

ఆ తర్వాత నుంచీ రాత్రిళ్ళు గట్టు మీద అడుగుల చప్పుడు... తెల్లారి చూస్తే తడి పాదాల గుర్తులు — చెరువు చుట్టూ, ఎక్కడా ఆగకుండా.

మొన్న వేసవిలో ఆ చెరువునే అబ్రహాం గారు లీజుకి తీసుకున్నారు. అప్పటికే ఆయనకి రెండు పంటలు రోగమొచ్చి పోయాయి. ఇదీ పోతే చెరువు వదిలేసి, ఇంకొకరి గట్టు మీద కాపలాకి కుదరడమే. మనిషి దొరక్క రాత్రిళ్ళు ఆయనే కాశారు. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రేపనగా, నిలబడ్డ చోటే తూలిపోతున్నారట.

"బావా, ఈ రాత్రికి మేం తోడుంటాం. నిన్ను నిద్రపోనిస్తే ఒట్టు!" అన్నాడు బావమరిది మనోజ్. కూడా మేత డీలరు ప్రద్యుమ్న గారిని వెంటబెట్టుకొచ్చాడు. ఈ ప్రద్యుమ్న గారిని మేత కంపెనీ వాళ్ళు గోవా తిప్పి తెచ్చారండీ. అక్కడ క్యాసినోలో ఒక పూట పోకర్ ఆడొచ్చిన దగ్గర్నుంచీ మనిషిని పట్టుకోలేకపోతున్నాం. పందానికి డబ్బు బదులు పెట్టే రంగు రంగుల బిళ్ళలు కూడా కొనుక్కొచ్చారు.

"రమ్మీ మామూలేనండీ. పోకర్ చూడండి — చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి అయిదు. మొహంలో మాత్రం ఏమీ కనపడకూడదు."

"నా మొహంలో నిద్ర తప్ప ఇంకేం కనపడుతుందండీ" అన్నారు అబ్రహాం గారు.

డబ్బు పందెం లేదు, సరదా ఆటే. షరతు ఒక్కటి — ఓడినవాడు టార్చి పట్టుకుని గట్టు చుట్టి, ఫ్యాన్లు చూసి రావాలి. గెలిచినవాడు కుర్చీ కదలక్కర్లేదు.

ముక్కలు పంచబోతుంటే మనోజ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండాగండి. ముగ్గురం అయ్యాం. ముగ్గురు కలిసి మొదలుపెట్టిన పని ఏదైనా బాగుపడిందా?"

"చర్చికెళ్ళేవాడివి, నీకీ పట్టింపులేమిట్రా?"

"పంట ఒడ్డునపడేదాకా అన్ని పట్టింపులూ ఉంటాయి బావా."

ప్రద్యుమ్న గారు నవ్వేసి, మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ బల్ల దగ్గరికి లాగారు. దాని ముందు కూడా రెండు ముక్కలు వేసి, అందరితో సమానంగా బిళ్ళలు పెట్టారు. "ఇది కోదండరామయ్య గారిదండీ. రండి రామయ్య గారూ, కూర్చోండి!"

అయ్యో రామ! పిలిస్తే వచ్చేవాణ్ణి ఎవరైనా పిలుస్తారాండీ?

మొదట్లో ఒకటే నవ్వులట. కుర్చీ తరఫున ప్రద్యుమ్న గారే బిళ్ళలు తోసేవారు, చివర్లో ముక్కలు తిప్పేవారు. మొదటి ఆట కుర్చీదే. రెండోదీ దానిదే. "కుర్చీకి మొహం లేదు కదా, అందుకే ఆట ఇంత బాగా వచ్చింది" అని మనోజ్ వేళాకోళం. ఎవరో ఒకరు ఓడిపోవడం, తిట్టుకుంటూ గట్టు చుట్టి రావడం... మళ్ళీ కూర్చోవడం... మళ్ళీ ఓడిపోవడం.

పోను పోను నవ్వులు తగ్గాయి. మూడు రాజులు కలిశాయని అబ్రహాం గారు ఉన్నదంతా తోసేశారు. మిగతా ఇద్దరూ పంతానికి పోయి తోశారు. కుర్చీ ముక్కలు తిప్పితే — మూడు ఆసులు.

బిళ్ళలన్నీ కుర్చీ ముందే గుట్టపడ్డాయి.

"చాలండీ... ఆపేద్దాం" అన్నారు ప్రద్యుమ్న గారు, గుసగుసగా.

"ఇప్పుడు గట్టు వంతెవరిది?" అన్నాడు మనోజ్. అతనూ గుసగుసే.

"నేను వెళ్తానులే" అన్నారు అబ్రహాం గారు. ఒక్క క్షణం ఆగి లేద్దామనుకున్నారు. ఎన్ని రాత్రుల నిద్రండీ అది! కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి.

చెంప మీద చల్లగా... తడిగా... ఒక చెయ్యి.

"అబ్రహాం గారూ, లేవండి. వంతు మీదండీ." మెత్తగా, మర్యాదగా ఉందట గొంతు.

"ఇంకొక్క నిమిషం మనోజూ..."

"నేనూ అలాగే అనుకున్నానండీ."

ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. మనోజ్, ప్రద్యుమ్న గారు ఇద్దరూ బల్ల మీద తలలు పెట్టి నిద్రపోతున్నారు. బయట చప్పుడు లేదు... ఫ్యాన్ల చప్పుడే లేదు!

"ప్రభువా!" అంటూ టార్చి కూడా మర్చిపోయి పరుగెత్తారు. స్టార్టర్ ట్రిప్పయి ఉంది. నీళ్ళ అంచున రొయ్యలు అప్పుడప్పుడే పైకి తేలుతున్నాయి. మీట నొక్కారు. ఒక ఫ్యాను తిరిగింది, ఇంకోటి తిరిగింది, వరసగా అన్నీ తిరిగాయి. ఆయన అక్కడే కూలబడి ఏడ్చేశారట.

పంట దక్కిందండీ. ఆ లోడు ఎత్తింది నేనే.

ఆయన్ని లేపింది తాము కాదని బావమరిది, డీలరు గారు ఇద్దరూ ఒట్టేశారు. నాలుగో కుర్చీలో మాత్రం నీళ్ళు నిలిచి ఉన్నాయట.

ఆ రాత్రి తర్వాత గట్టు మీద అడుగుల చప్పుడు లేదు, గుర్తులూ లేవు. ఈమధ్య మళ్ళీ అటు వెళ్ళినప్పుడు, "అమ్మయ్య, పీడ విరగడైంది" అన్నాను నేను.

అబ్రహాం గారు తల అడ్డంగా ఊపారు. "ఎక్కడికీ పోలేదండీ. గెలిచారు కదా. గెలిచినవాడు కుర్చీ కదలక్కర్లేదు, షరతు పెట్టింది మేమే." షెడ్డు తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, వినమన్నారు. లోపల ఎవరూ లేరు. గురక మాత్రం వినపడింది — ఏళ్ళ తరబడి నిద్ర లేని మనిషి పెట్టే గురక.

ఆయన చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పంట అమ్ముడై నెల దాటింది, చెరువులో నీళ్ళు తప్ప ఏమీ లేదు.

"ఇంటికెళ్ళి పడుకోండి అబ్రహాం గారూ" అన్నాను.

ఆయన అప్పటికే గట్టు మీద నడుస్తున్నారు.

"ఇంకొక్క చుట్టండీ" అన్నారు.