యోసేపుకు మాటల్లేవు

ఆ ఏడు కూడా వానదేవుడు కోసిగి వైపు తొంగిచూడలేదు. పత్తిచేలు ఎండి పుల్లలు మిగిలాయి. క్రిస్మస్ ఇంకా వారముందనగానే సగం ఊరు ఇళ్లకు తాళాలేసి, మిరపకాయల కోతకు గుంటూరు దారి పట్టింది.

మిగిలినవాళ్లలో కోతకు వచ్చేవాళ్ల పేర్లు రాసుకోవడానికి డ్రైవర్ వీరభద్ర బొలేరో తెచ్చి చర్చి ముందు హారన్ కొట్టాడు. లోపల నాటకం ప్రాక్టీసులో మరియమ్మ వేషం వేస్తున్న భువన విసవిసా బయటికొచ్చింది.

"నిన్న మా యోసేపును ఎక్కించుకొని పోతివి. ఈపొద్దు ఎవర్నప్పా, గొర్రెలకాపరినా?"

వీరభద్ర నవ్వబోయి ఆగాడు. పోయిన ఏడు భువన నాయన ఆ కోతకే పోయి, ఎండదెబ్బకు పడిపోయి, శవమై తిరిగొచ్చాడు. ఈ ఏడు తల్లి రాహేలమ్మతో పాటు భువన పోవాలి. డిగ్రీ చదువు అటకెక్కింది. ప్రార్థనలో అందరితో పాటు కళ్లు మూసుకుంటుందే గానీ, దేవుణ్ణి ఏమీ అడగడం మానేసింది. అడిగిందంతా ఏమైందో చూసింది కదా!

వేషగాడు కోతకు పోయేసరికి దిక్కుతోచని పాస్టరు ఏసుమణి, మరియమ్మ భర్త యోసేపు వేషం వీరభద్రనే కట్టమన్నాడు. శివాలయానికి పోయే ఇంటి పిల్లాడే, అయినా భువన పక్కన నిలబడే పని, కాదంటాడా?

"నేనేం మాట్లాడల్ల?" అన్నాడు.

"ఏమీ లేదు. బైబిల్లో యాడా యోసేపు నోరిప్పడు. దేవదూత చెప్తే లేచి తోడు పోతాడు, అంతే," అంది భువన.

"ఊరుగాని ఊరికా?"

"మన మాదిరే. వాళ్లకు గాడిదన్నా ఉండె."

పండగ సాయంత్రం నాటకంలో, సత్రంలో చోటు లేదని తలుపులేస్తే భువనకు నిజంగానే ఏడుపొచ్చింది. చోటు లేనోళ్ల కోసమే దేవుడు పుట్టాడన్నాడు పాస్టరు. పుట్టి మా నాయనకేం చేశాడని ఆమె మనసు మండింది. వీరభద్ర ఆమె చేతిలోని మూట తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

మరునాడు పొద్దున బొలేరో స్టీరింగు ముందు వేరే డ్రైవర్ కంబన్న కూర్చున్నాడు. పోయేటప్పుడు ఒక్క చూపుకైనా రాలేదే అని భువన వీధి చివరిదాకా చూసింది. తల్లిని ఎక్కించి మూట కోసం తిరిగితే, అది వీరభద్ర నెత్తిన ఉంది. భుజాన అతని దుప్పటి.

"తోలేవాడివి, ఈడెందుకెక్కుతాండావు?"

"తోలితే మిమ్మల్ని దింపి వాపసు రావల్ల. మా సేనూ ఎండింది గదా, నేనూ కాయలు కోస్తా."

"మీ అమ్మకు చెప్తివా?"

"చెప్పినా. నీ సంగతి గూడ చెప్పినా. శానా సేపు ఏడ్సింది." అతను చేతిసంచి ఆమె ఒళ్లో పెట్టాడు. "మళ్ల లేచి ముగ్గురికి సద్ది కట్టింది."

బండి కదిలింది. తాళాలేసిన ఇళ్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. వెచ్చటి సంచిని గట్టిగా పట్టుకుని, ఏడాది తర్వాత భువన దేవుణ్ణి ఒకటి అడిగింది. ఈ బండెక్కినోళ్లందర్నీ ప్రాణాలతో ఇంటికి చేర్చమంది.