ఉప్పు కొఠారులో కౌజు కూత

సముద్రపు కాలువ ఒడ్డున, మొగలిపొదల నడుమ, తెల్లదొరల నాటి ఉప్పు కొఠారు ఒకటి ఉండేది. కప్పు ఏనాడో కూలిపోగా గోడలు మాత్రం మిగిలాయి. ఉప్పు తిన్న ఆ గోడలు రాత్రివేళ మనిషి ఒంటివలె చెమర్చుతాయని, ఆ చెమ్మ నాకిన ఆవుకు చూలు నిలవదని చెప్పుకొనేవారు. పట్టపగలైనా ఆ దారిన ఎవరూ ఒంటరిగా నడిచేవారు కారు. అయితే అరవై ఎనిమిదో సంవత్సరపు వరికోతలనాటికి ఈ పాత మాటలన్నీ వెనుకబడి, కొత్త మాట ఒకటి పుట్టింది—

కొఠారులో కౌజుపిట్ట కూస్తున్నది. చీకటి పడిన తరువాత కూస్తున్నది.

కౌజు తెల్లవారుజామున కూస్తుంది, పొద్దు వాలేవేళ కూస్తుంది. చీకటి పడ్డాక పొదలో ముడుచుకొని కూర్చుంటుందే కాని నోరు విప్పదు. మరి ఆ కూత ఎవరిది?

ఎవరిదో ఊరందరికీ తెలుసు. పైకి అనడానికే ఎవరికీ నోరు రాలేదు.

ఆ ఊరి కోతల్లో అసిరయ్య అనేవాడు పాట ఎత్తేవాడు. ముందుగా అరచేతులు రెండూ నోటికి దొప్పలా చేర్చి, అచ్చం కౌజులా కూసేవాడు. ఆ కూత నడుమ ఒక్కసారి ఊపిరి పీల్చుకొని, మళ్లీ అందుకొనేవాడు. అది వినగానే మళ్లలో వంగిన ఆడవాళ్లు నడుములెత్తి నిలబడేవారు. ఆపైన పాట... ఒళ్లు వంచినది ఎవరు, గాదె నింపుకొన్నది ఎవరు అని అడిగే పాట. ఆ ఏడాది కొండల్లో అలజడి రేగింది. ఊరి చివర పోలీసు క్యాంపు వెలిసింది. ఒకనాటి సాయంకాలం అసిరయ్యను, అతనికి వంత పాడే చినబాబును క్యాంపుకు తీసుకొనిపోయారు.

కొన్నాళ్లకు మునసబు గణపతిరావుగారు తమ అరుగుమీద నిలబడి, అసిరయ్య తప్పించుకొని ఆమదాలవలసలో రైలెక్కి పారిపోయాడని ప్రకటించారు. తల్లి దాలమ్మ అది నమ్మలేదు. గుండె బాదుకొని, కొడుకు పేరు పెట్టి రాగం తీయబోయింది. "బతికున్నోడికి శోకాలేటే? ఊళ్లో ఆ పేరు ఇనబడితే నిన్నూ క్యాంపుకి పంపిస్తాను" అని గణపతిరావుగారు గద్దించారు. ముసలిది కొంగు నోట్లో కుక్కుకొన్నది.

ఆ రాత్రే కొఠారులో మొదటి కూత వినబడింది.

చినబాబు అన్న కూర్మయ్య పిట్టలకు వల పన్నేవాడు. అతని వద్ద ఒక దీమపు పిట్ట ఉండేది. అంటే, పంజరంలో పెంచిన మగ కౌజు. ఎక్కడ మరో కౌజు కూసినా రోషంతో బదులు కూసి, దానిని వలలోకి రప్పించడం దాని పని. అందుచేత గణపతిరావుగారు కూర్మయ్యకు కబురు పెట్టారు.

"ఒరే, ఆ కూత పిట్టదని నువ్వు తేల్చాలి. పట్టి తెచ్చి నలుగురూ సూస్తుండగా ఈ అరుగుమీద పెట్టు. అది కూస్తాదని కూలోళ్లు పొద్దుండగానే కొడవళ్లు పారేసి పోతన్నారు. నువ్వు పిట్టని తెచ్చిన పూటే నీ తమ్ముడు ఇంటికొస్తాడు."

"పిట్ట కాపోతే ఏటి బాబూ?"

గణపతిరావుగారు చుట్ట నుసి నిదానంగా దులిపారు. "కాపోవడమేటి? పిట్టే."

ఆ సాయంకాలం కూర్మయ్య వల భుజాన వేసుకొని, పంజరం చేత పట్టుకొని బయలుదేరుతుంటే, భార్య చిన్నతల్లి గుమ్మానికి అడ్డం నిలిచింది.

"దెయ్యానికి వల ఏస్తావేటి? దొరికితే తెచ్చీ, మసాలా నూరి ఉంచుతాను" అని వెక్కిరించింది. అంతలోనే ఆమె గొంతు దిగిపోయింది. "మరిది మొకం సూసి ఎల్లు. ఎనక్కి మాత్రం సూడకు."

దీపాలు పెట్టే వేళ దాటింది. కాలువ గట్టుమీద గాలి నిలిచిపోయింది. కూర్మయ్య వేసిన ప్రతి అడుగుకూ వెనుక మరొక అడుగు పడుతున్నట్లుండి, ఆగితే అదీ ఆగేది. మొగలిపొదల వద్ద వల పన్ని, పంజరం నేలమీద ఉంచి, తాను గోడవార నక్కాడు. చేయి ఆన్చిన గోడ నిజంగానే తడిగా ఉన్నది...

అప్పుడు కూత వచ్చింది.

ఎంత దగ్గరగా వచ్చిందంటే, కూర్మయ్య చెవి వెనుక వెంట్రుకలు కదిలాయి. అతడు పంజరంవైపు చూశాడు. ఇక దీమపు పిట్ట రెక్కలు టపటపలాడించి బదులు కూయాలి. ఎన్నడూ తప్పనిది... కూయలేదు. పైన డేగ తిరుగుతున్నప్పటివలె పొట్ట నేలకానించి, కళ్లు మూసుకొన్నది.

మళ్లీ కూత. నడుమ ఒక్కసారి ఊపిరి పీల్చుకొని—

పిట్టలు అలా ఊపిరి పీల్చవు.

కొఠారు వాకిట తెల్లగా ఏదో కదిలింది.

"ఎవులది?" కూర్మయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"నానేరా కూర్మయ్యా... దాలమ్మని."

"అత్తా! పేనం తీసీసినావు గదే! ఇన్నాళ్లూ కూస్తన్నది నువ్వా?"

"నానేటి, కూతేటి? మాటాడితేనే ఆయాసం నాకు. ఆ కూత ఇని ఉండబట్టలేక వచ్చినాను. ఇయ్యాలే వచ్చినాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకొన్నారు. వారి పెదవులు మూసే ఉన్నాయి. కూత మాత్రం వచ్చింది... లోపలినుండి, నేలలోనుండి.

కూర్మయ్య లోపలికి వెళ్లి అగ్గిపుల్ల గీశాడు. కొఠారు మూల నేల కొద్దిగా ఉబ్బి ఉన్నది. ఎవరో తవ్వి పూడ్చారు; పూడ్చి చాలాకాలమే అయినట్లు దానిమీద ఉప్పు మళ్లీ తెల్లగా పొర కట్టింది. ఆ పొరలోనుండి గుడ్డపీలిక ఒకటి పైకి వచ్చి ఉన్నది. దాలమ్మ వంగి ఆ అంచును వేళ్ల నడుమ నలిపి చూసింది. పుల్ల ఆరిపోయింది.

"ఇది నాను ఒడికిన నూలే" అని చీకట్లో ఆమె గొంతు నెమ్మదిగా పలికింది. "పొందూరులో మాయమ్మ నేర్పిన పోగు. ఆడి కండువాకనే ఒడికినాను."

ఆమె ఏడవలేదు. తడుముకొంటూ వచ్చి కూర్మయ్య చేయి పట్టుకొన్నది.

"పిట్టల సంగతిలో నీ మాట ఊరంతా నమ్ముతాది. అరుగుమీద నిలబడి ఇది పిట్ట కాదని సెప్పు, నాయనా. ఒక్కపాలి ఆడి పేరెట్టి ఏడ్సనీ నన్ను."

"సెప్తే మా సినబాబు, అత్తా..." అన్నాడు కూర్మయ్య.

తెల్లవారింది. అరుగు ముందు ఊరంతా మూగింది. అందరి వెనుక దాలమ్మ నిలబడి ఉన్నది.

"ఏటిరా, తేల్చినావా?" అన్నారు గణపతిరావుగారు.

కూర్మయ్య జనాన్ని చూడలేదు. క్యాంపు ఉన్న దిక్కుకు ఒక్కసారి చూసి, తన దీమపు పిట్ట ఉన్న పంజరాన్నే అరుగుమీద పెట్టాడు.

"పిట్టే, బాబూ."

గణపతిరావుగారు తమ చేతులతోనే దానిని పైకి తీసి మెడ విరిచారు. "ఇదిగో మీ దెయ్యం! సూసుకోండి!" జనంలో ఎవరో బలవంతాన నవ్వారు. దాలమ్మ వెనుదిరిగి వెళ్లిపోయింది. శాపనార్థాలు పెట్టినా బాగుండుననిపించింది కూర్మయ్యకు.

మాట ప్రకారం చినబాబు ఆ మధ్యాహ్నమే ఇల్లు చేరాడు. చెంపలు పీక్కుపోయాయి. ఎవరు పలకరించినా పలకలేదు. చిన్నతల్లి అన్నం కలిపి నోటికి అందిస్తే పసివాడివలె తిన్నాడు. పొద్దు కుంకింది. కూర్మయ్య వాకిట చెవి ఒగ్గి కూర్చున్నాడు. ఊళ్లో ప్రతి వాకిటా ఎవరో ఒకరు అలాగే కూర్చున్నారు.

కూత రాలేదు.

చీకటి చిక్కబడింది. అయినా రాలేదు. 'పోనీ, ఇక్కడితో అయిపోయింది' అని కూర్మయ్య లేవబోయాడు. అప్పుడు చినబాబు లోపలినుండి వచ్చి, వీధి నడుమ నిలబడి, అరచేతులు రెండూ నోటికి దొప్పలా చేర్చాడు.

కూశాడు. నడుమ ఒక్కసారి ఊపిరి పీల్చుకొని, మళ్లీ అందుకొన్నాడు.

కూర్మయ్య పరుగున వెళ్లి తమ్ముడి రెక్క పట్టుకొన్నాడు. "ఒరే, ఊరుకో! నీకు ఈలేయడమే రాదు గదరా... ఎవులు నేర్పినారు నీకిది?"

"అసిరయ్య బావ. క్యాంపులో గోడకవతల గదిలో ఉండీవోడు. సీకటి పడ్డాక రోజూ కూసి ఇనిపించీవోడు. నాను తప్పితే మళ్లీ కూసీవోడు."

కూర్మయ్య కళ్ల ముందు కొఠారు మూల, తెల్లగా పేరుకొన్న ఉప్పు పొర మెదిలింది. "ఎప్పుడురా?" అన్నాడు. "ఎన్నాళ్ల కిందట?"

"ఎన్నాళ్లేటన్నా?" చినబాబు తొలిసారిగా అన్న ముఖంలోకి చూశాడు. "నిన్న రాత్రి దాకా నేర్పినాడు. 'నీకొచ్చీసిందిరా, ఇంక నువ్వందుకో. నాను తొంగుంటాను' అన్నాడు."