ఒకటో నంబరు

నేను నర్సింగాన్ని. గోదావరిఖనిల సగం బొగ్గు నేనే తవ్విన. నిండు బొగ్గుటబ్బు పట్టాలు తప్పితే ఒంటిచేత్తో లేపి పెట్టిన. నన్ను చూస్తే బొగ్గుబాయిల ఎలుకలు సుత లేచి నిలబడేవి. గట్లాంటి నన్ను ఆ మధ్యాహ్నం ఏడిపించింది, చేతికి కట్టుకునే చిన్న నంబరు పట్టీ.

ఫెబా మా దోస్తు మార్కు బిడ్డ. బాయి పనోళ్ల ఊపిరితిత్తుల మీద రీసెర్చి చేస్తున్నది. కాలనీ గ్రౌండుల ఎక్స్‌రే బండి ఆపి అందరికీ పట్టీలు కడుతున్నది. పేర్లు రాయదట. మనిషికో నంబరు. ఆ మనిషి ఎక్స్‌రే, రక్తం సీసా, అన్నీ ఆ నంబరు మీదనే.

"నీది నలభై రెండు, కాక."

"నర్సింగానికి నలభై రెండా? ఒకటి తే!"

"అది గట్టయ్య కాకది. మొన్ననే చనిపోయిండు గదా. ఒకసారి ఇచ్చిన నంబరు ఇంకొకలకు ఇయ్యం."

గట్టయ్య పనిల నా జోడీ. నెత్తురు కక్కి పోయిండు. బాయిల సుత గదే రివాజు. పోయినోని హాజరు బిళ్ళ ఎవ్వరూ ముట్టరు. నాకు తెల్వదా? కానీ లైనుల అందరూ చూస్తున్నరు.

"పోయినోనికి నంబరెందుకు బిడ్డా? వాడొచ్చి అడిగితే నాతోని మాట్లాడుమను."

ఆమె వద్దంటున్నా, డబ్బాలోంచి గట్టయ్య పట్టీ తీసి నేనే కట్టుకున్న.

బండి లోపల చీకటి. చల్లటి పలకకు ఛాతీ ఆనించిన.

"ఊపిరి బిగవట్టు, కాక," బయటినుంచి ఫెబా.

అప్పుడొచ్చింది వాసన. తడి బొగ్గు... బీడీ... పచ్చి నెత్తురు. నా వెనక దగ్గు. ఆ దగ్గు పక్కనే బతుకంతా పనిచేసిన.

"జరుగు..." చెవిల గుసగుస. "అది నా జాగ."

తిరిగి కొట్టిన. ఏనుగు కూలే దెబ్బ! పిడికిలి తడితడి మెత్తటి దాంట్లకు దిగింది... వెనక్కి రాలేదు. వేడి నెత్తురు నా మొహం మీద కక్కిండు. గొంతు పిసికిండు. పక్కటెముక విరిగింది... ఇంకోటి. ఫెబా తలుపు తీసి నన్ను గుంజింది. ఆమె చెయ్యి మెలేసిండు. పుల్ల విరిగినట్టు చప్పుడు... కేక.

పట్టీ! తెగదు. పండ్లతోని కొరికిన. తోలు ఊడింది... మాంసం ఊడింది... పట్టీ ఊడింది.

దగ్గు ఆగింది. బండిల మేమిద్దరమే.

ఇప్పుడు నా నంబరు నలభై రెండు. నోరు మూసుకొని ఒప్పుకున్న, ఆ నంబరు మీదనే రక్తం ఇచ్చిన. ఇయ్యాల పొద్దున ఫెబా ఫోన్ చేసింది.

"కాక, ఒకటో నంబరు మీద రక్తం సీసా వచ్చింది. ఎవరు పెట్టిన్రో తెల్వదు. పరీక్ష చేస్తే నలభై రెండుతోని కలిసింది... నీదే. మళ్ల ఇచ్చినవా?"

"లేదు బిడ్డా."

"ఇంకా వెచ్చగున్నది, కాక..."

ఫోన్ పట్టుకున్న చెయ్యి చూసుకున్న. మోచేతి మడతల దూది అంటించి ఉన్నది. ఎర్రగ... ఇంకా నానుతున్నది.